కంప పూసే కాలంలో ఆయాసం ఎందుకు?

సర్కారు తుమ్మ చెట్టును చూడనివాళ్లు మనలో ఉండరు. చెరువు కట్ట మీద, వాగు గట్టున, బీడు భూముల్లో, రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అదే చెట్టు. కొందరు దాన్ని సర్కారు కంప అంటారు. కొందరు చిల్లకంప అంటారు. కొన్నిచోట్ల సీమజాలి అంటారు. పేరు ఏదైనా చెట్టు ఒక్కటే. ముల్లు గుచ్చుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. కొట్టి ఎండబెడితే మంచి పొయ్యి కట్టె. బట్టీ పెడితే బొగ్గు. కాయలు మేకలు ఇష్టంగా తింటాయి.

ఈ చెట్టు మన దేశంలో పుట్టింది కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, దానికి దక్షిణాన ఉన్న దేశాలు. తెల్లవాళ్లు ఏలుతున్న రోజుల్లో, 1877 ప్రాంతంలో, జమైకా దీవి నుంచి దీని గింజలు తెప్పించారు. కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. నీళ్లు లేకపోయినా పెరుగుతుంది, వంటచెరకు దొరుకుతుంది అని వాళ్ల ఆలోచన. సర్కారు వాళ్లే తెచ్చి పెంచిన చెట్టు. పేరులోనే సర్కారు ఉంది.

ఈ చెట్టుకు పూత వస్తుంది. పూలు వేలెడు పొడుగున కంకుల్లాగా వేలాడతాయి. లేత పసుపు రంగులో ఉంటాయి. చాలాచోట్ల చలికాలం పోతూ ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒకసారి బాగా పూస్తుంది. వానాకాలం చివర మళ్లీ పూస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరికి తుమ్ములు పట్టుకుంటాయి. కళ్లు ఎర్రబడతాయి. కొందరికి ఆయాసం వస్తుంది.

పూతకూ ఆయాసానికీ సంబంధం ఏమిటి? ఈ పాఠంలో అదే తెలుసుకుందాం.

ఎల్లమ్మకు ఏమైంది?

ఒక ఊళ్లో కంప కొట్టి బొగ్గు కాల్చే కూలి ఆమె ఉందనుకుందాం. ఆమె పేరు ఎల్లమ్మ అనుకుందాం.

ఏటా శివరాత్రి దగ్గర పడేసరికి ఎల్లమ్మకు తుమ్ములు మొదలవుతాయి. ఒకటి రెండు కాదు. వరసగా పది, పదిహేను తుమ్ములు. ముక్కు వెంట నీళ్లు కారతాయి. కళ్లు దురద పెడతాయి. రాత్రిపూట ఛాతీలో పిల్లికూతలు వినపడతాయి. పడుకుంటే ఊపిరి ఆడదు. గోడకు ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ గడుపుతుంది.

మేస్త్రి ఏమన్నాడు? "పని అనేసరికి నీకు జలుబు వస్తాది" అన్నాడు.

అత్త ఏమంది? "కోడలికి దిష్టి తగిలింది" అంది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఎల్లమ్మ దగ్గు ఇంకా ఎక్కువైంది.

ఊళ్లో సూదులు వేసే ఆయన ఒక సూది వేశాడు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు మళ్లీ మొదటికి వచ్చింది. ఇంకో సూది. ఇంకో వంద రూపాయలు. ఆ నెలలో ఎల్లమ్మ పదిహేను రోజులు పనికి పోలేకపోయింది. కూలీ పోయింది. చేతిలో డబ్బు సూదులకు పోయింది.

ఒకరోజు నర్సమ్మ ఆ వీధికి వచ్చింది. ఎల్లమ్మను చూసి పక్కన కూర్చుంది.

"జ్వరం వచ్చిందా ఎల్లమ్మా?"

"లేదమ్మా. ఒళ్లు చల్లగానే ఉండాది."

"చీమిడి పచ్చగా, చిక్కగా ఉందా?"

"లేదు. నీళ్లమాదిరి కారతానే ఉంటాది."

"కళ్లు దురద పెడతాయా?"

"దురదే దురద. నలిపి నలిపి ఎర్రగా అయిపోతాయి."

"ఎన్నాళ్లు ఉంటుంది ఇట్లా?"

"కంప పూత రాలిందాకా ఉంటాదమ్మా."

నర్సమ్మ నవ్వింది. "చూడు, జబ్బు ఏందో నువ్వే చెప్పినావు. కంప పూత రాలిందాకా అన్నావు కదా. నీకు పడనిది ఆ పూత పుప్పొడే అయ్యుండొచ్చు. దిష్టి కాదు. సోమరితనం అంతకన్నా కాదు. డాక్టరమ్మకు చూపిద్దాం పద" అంది.

పుప్పొడి అంటే ఏమిటి?

మందార పువ్వును చూడండి. మధ్యలో పొడుగాటి కాడ ఉంటుంది. దాని చుట్టూ సన్నని పసుపు గింజలు ఉంటాయి. వేలితో తాకితే వేలికి పసుపు పొడి అంటుకుంటుంది. అదే పుప్పొడి.

పుప్పొడి చెట్టుకు మగ బీజం లాంటిది. అది వెళ్లి పువ్వులోని ఆడ భాగం మీద పడాలి. అప్పుడే కాయ కడుతుంది. గింజ పుడుతుంది. పుప్పొడి లేకపోతే మామిడికాయ లేదు. చింతకాయ లేదు. వరి గింజ కూడా లేదు.

పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు ఎలా పోతుంది? రెండు దారులు ఉన్నాయి.

ఒకటి, తేనెటీగలు, సీతాకోకచిలుకలు మోసుకుపోతాయి. ఇలాంటి పూలు రంగురంగులుగా ఉంటాయి. వాసన వస్తుంది. వాటి పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలిలో ఎక్కువ దూరం పోదు.

రెండు, గాలి మోసుకుపోతుంది. ఇలాంటి పూలకు రంగు, వాసన అంతగా ఉండవు. వీటిని చూసి ఎవరూ ఆగరు. కాని వీటి పుప్పొడి తేలికగా ఉంటుంది. లెక్కలేనంత ఉంటుంది. గాలిలో కిలోమీటర్ల దూరం పోతుంది. సరుగుడు తోటల పుప్పొడి ఇలాగే పోతుంది.

సర్కారు తుమ్మ ఈ రెండు దారులనూ వాడుకుంటుంది. తేనెటీగలూ వాలతాయి. పుప్పొడి గాలిలోనూ కలుస్తుంది. అందుకే చెట్టు కింద ఉన్నవాళ్లకే కాదు, దూరంగా ఉన్నవాళ్లకు కూడా అది చేరుతుంది.

చాలామంది వాసన వచ్చే పువ్వును అనుమానిస్తారు. మల్లెపూలు మానేస్తారు. కాని ఎక్కువగా బాధపెట్టేది కంటికి ఆనని పుప్పొడి. ఒక్కో రేణువు మన తల వెంట్రుక మందంలో సుమారు సగమే ఉంటుంది.

అసలు దోషం దేనిది?

పుప్పొడి విషం కాదు. అందులో పురుగు లేదు. క్రిమి లేదు. మరి బాధ ఎందుకు?

పుప్పొడిలో ప్రొటీన్లు ఉంటాయి. వీటినే మాంసకృత్తులు అంటారు. పప్పులో, గుడ్డులో, పాలలో ఉండేవి కూడా ప్రొటీన్లే. ప్రాణం ఉన్న ప్రతిదానిలోనూ ఇవి ఉంటాయి. ప్రొటీన్లు వేల రకాలు. ఒక్కో రకానికి ఒక్కో రూపం, ఒక్కో పని.

పుప్పొడి పువ్వు మీద పడ్డాక చేయాల్సిన పని చాలా ఉంది. అక్కడి తడిని పీల్చుకోవాలి. ఇది మన జాతి పువ్వేనా అని పోల్చుకోవాలి. సన్నని గొట్టంలా మొలిచి లోపలికి పోవాలి. ఈ పనులన్నిటికీ ప్రొటీన్లు కావాలి. అందుకే తడి తగలగానే పుప్పొడి నుంచి కొన్ని ప్రొటీన్లు బయటికి ఊరతాయి.

మన ముక్కు లోపల కూడా తడిగానే ఉంటుంది. కన్ను కూడా తడిగానే ఉంటుంది. ఊపిరితో పాటు పుప్పొడి వచ్చి అక్కడ పడుతుంది. తడి తగులుతుంది. కొద్ది నిమిషాల్లోనే ప్రొటీన్లు ఊరి బయటికి వస్తాయి. పువ్వుకు పనికొచ్చే ప్రొటీన్లు మన ముక్కులోకి చేరతాయి. కొందరికి ఇవే పడవు.

పడని ప్రొటీన్ల వల్ల వచ్చే ఈ బాధను అలర్జీ అంటారు.

కాపలా కుక్క పొరబాటు

మన శరీరానికి కాపలా ఉంది. రోగక్రిములు లోపలికి వస్తే ఆ కాపలా పసిగడుతుంది. వాటితో పోరాడుతుంది. ఇది మంచిదే.

దొంగను చూసి అరిచే కుక్క మంచి కుక్క. ఇంటికి వచ్చిన చుట్టాన్ని కరిచే కుక్కతోనే కష్టం. అలర్జీలో జరిగేది అదే. ఏ హానీ చేయని పుప్పొడి ప్రొటీన్‌ను శరీరం దొంగ అనుకుంటుంది.

ఇది ఒక్క రోజులో జరగదు. మొదట శరీరం ఆ ప్రొటీన్‌ను గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని పట్టుకోవటానికి కొక్కేల లాంటివి తయారు చేస్తుంది. ఈ కొక్కేల పేరు ఐజీఈ. ఇవి ముక్కులో, కళ్లలో, ఊపిరి గొట్టాల్లో ఉండే కొన్ని కణాల మీద తగులుకుని ఉంటాయి. ఆ కణాల లోపల చిన్న చిన్న సంచులు ఉంటాయి. సంచుల్లో హిస్టమిన్ అనే పదార్థం ఉంటుంది.

తరువాత మళ్లీ పూత వస్తుంది. ప్రొటీన్ వచ్చి కొక్కేలకు తగులుకుంటుంది. వెంటనే కణాలు సంచులు విప్పి హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. ముక్కులో కుమ్మరిస్తే తుమ్ములు, నీళ్లు. కంట్లో కుమ్మరిస్తే దురద, ఎరుపు. ఊపిరి గొట్టాల్లో హిస్టమిన్‌తో పాటు మరికొన్ని పదార్థాలు కూడా బయటికి వస్తాయి. అప్పుడు గొట్టాలు బిగుసుకుంటాయి. లోపల వాస్తాయి. కఫం పడుతుంది. సన్నబడిన దారిలో గాలి పోతుంటే ఈల లాంటి చప్పుడు వస్తుంది. అవే పిల్లికూతలు. అదే ఉబ్బసం.

ఈ ఐజీఈని కనిపెట్టిన వాళ్లలో ఒక స్త్రీ ఉంది. ఆమె పేరు తెరుకో ఇషిజాకా. భర్త పేరు కిమిషిగె ఇషిజాకా. ఇద్దరిదీ జపాన్ దేశం. ఇద్దరూ శాస్త్రవేత్తలే. అమెరికాలోని డెన్వర్ నగరంలో కలిసి పనిచేశారు. ఒక కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్ల రక్తం తీసుకుని పరీక్షలు చేశారు. తమ చర్మం మీద కూడా పరీక్షించుకున్నారు. 1966లో ఈ సంగతి లోకానికి చెప్పారు. అదే కాలంలో స్వీడన్ దేశంలో కూడా కొందరు దీన్ని వేరే దారిలో కనుక్కున్నారు.

అందరికీ ఎందుకు రాదు?

ఎల్లమ్మతో పాటు పదిమంది కంప కొడతారు. అందరూ అదే గాలి పీలుస్తారు. ఎల్లమ్మకే ఎందుకు వచ్చింది?

అలర్జీ వచ్చే గుణం కొంత వంశంలో వస్తుంది. తల్లికో తండ్రికో ఉబ్బసం, గజ్జి లాంటి దురద, తుమ్ముల బాధ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాని తప్పకుండా వస్తుందని లేదు. చిన్నప్పటి నుంచి ఉండాలని కూడా లేదు. కొందరికి ముప్పై ఏళ్లు దాటాక మొదలవుతుంది. నిన్నటిదాకా పడిన పుప్పొడి ఈ ఏడు పడకపోవచ్చు.

పొగ ఈ బాధను పెంచుతుంది. పొయ్యి పొగ, బొగ్గు బట్టీ పొగ, బీడీ పొగ అన్నీ చెడ్డవే.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. అలర్జీ అంటురోగం కాదు. ఉబ్బసం అంటురోగం కాదు. ఒకే పళ్లెంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు.

చెట్లలో చుట్టరికాలు

మనుషులకు ఇంటిపేర్లు ఉన్నట్టే చెట్లకు శాస్త్రంలో ఇంటిపేర్లు ఉన్నాయి. సర్కారు తుమ్మ ఇంటిపేరు ప్రొసోపిస్. మన జమ్మి చెట్టు ఇంటిపేరు కూడా ప్రొసోపిసే. రెండూ దాయాదులు. దాయాదుల ముఖాలు కలిసినట్టు, చుట్టరికం ఉన్న చెట్ల ప్రొటీన్లు కూడా కలుస్తాయి. ఒకదానిది పడనివాళ్లకు రెండోది కూడా పడకపోవచ్చు.

అగ్గిపుల్లలు చేయటానికి వాడే పెద్దమాను వేరే ఇంటిపేరు చెట్టు. కాని మన దేశంలో శాస్త్రవేత్తలు పరీక్ష చేస్తే సర్కారు తుమ్మ పుప్పొడిలోని కొన్ని ప్రొటీన్లను పోలినవి అందులో కూడా కనిపించాయి. ప్రొఫిలిన్ అనే ప్రొటీన్ అయితే అన్ని మొక్కల్లోనూ ఉంటుంది. పుప్పొడి గొట్టం మొలవటానికి అది సాయపడుతుంది. ప్రొఫిలిన్ పడనివాళ్లకు ఎన్నో రకాల పుప్పొడి పడకపోవచ్చు. అందుకే కొందరికి బాధ ఏడాది పొడుగునా తిరిగి తిరిగి వస్తుంది.

ఈ ప్రొటీన్లకు శాస్త్రవేత్తలు పేర్లు పెట్టారు. చెట్టు పేరులోని అక్షరాలు కొన్ని, పక్కన ఒక అంకె. సర్కారు తుమ్మలోని ప్రొఫిలిన్ పేరు ప్రొ జె 2. యూరప్‌లో బర్చ్ అనే చెట్టు ఉంది. దాని ప్రొటీన్ పేరు బెట్ వి 1. దాని జన్యువును 1989లో విడదీసి చదివారు. చలిదేశాల్లో వసంతకాలంలో లక్షల మందిని తుమ్మించేది ఇదే.

ఈ బెట్ వి 1ను పోలిన ప్రొటీన్ యాపిల్ పండులో ఉంది. అందుకే బర్చ్ పుప్పొడి పడనివాళ్లలో చాలామందికి పచ్చి యాపిల్ తింటే నోరు దురద పెడుతుంది. ఉడికించిన యాపిల్ తింటే సాధారణంగా ఏమీ కాదు. ఎందుకంటే వేడికి ఆ ప్రొటీన్ రూపం మారిపోతుంది. పచ్చి గుడ్డు సొన ఉడికితే గట్టిపడి తెల్లబడుతుంది కదా, అలాగే. చదువుకో, పనికో ఆ దేశాలకు పోయిన మన పిల్లలకు కూడా కొన్నేళ్లకు ఈ అలర్జీ రావచ్చు.

ఒకే చెట్టు ఊరంతా నాటితే

జపాన్ దేశంలో సుగి అనే చెట్టు ఉంది. దేవదారు లాంటి చెట్టు. పెద్ద యుద్ధం అయిపోయాక ఇళ్లు కట్టటానికి కలప కావలసి వచ్చింది. 1950 తరువాత ఇరవై ఏళ్లలో కొండల నిండా సుగి నాటారు. 1964లో నిక్కో అనే ఊరి దగ్గర సుగి పుప్పొడి అలర్జీని డాక్టర్లు మొదటిసారి రాసి పెట్టారు. చెట్లు ముదిరే కొద్దీ పుప్పొడి పెరిగింది. జబ్బు కూడా పెరిగింది. 2019లో చెవి ముక్కు గొంతు డాక్టర్లను, వాళ్ల ఇళ్లలో వాళ్లను అడిగి లెక్క తీశారు. నూటికి సుమారు 39 మందికి ఈ బాధ ఉందని తేలింది. సుగి తోటలను పదేళ్లలో అయిదో వంతు తగ్గించాలని 2023లో ఆ ప్రభుత్వం నిర్ణయించింది.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. చెట్లు నాటటం మంచి పని. కాని ఒకే రకం చెట్టు వేలకు వేలు నాటితే గాలి నిండా ఒకే పుప్పొడి ఉంటుంది. బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర, వీధుల్లో రకరకాల చెట్లు కలిపి నాటాలి. చెట్లు నాటే సంగతి గ్రామసభలో వచ్చినప్పుడు ఆడవాళ్లు ఈ మాట అడగాలి.

మరి సర్కారు తుమ్మను అంతా కొట్టేయాలా? ఒకరి ఇంటి ముందు చెట్టు కొట్టేస్తే పుప్పొడి ఆగదు. గాలి దూరం నుంచి కూడా తెస్తుంది. పైగా ఆ చెట్టు మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. చేయగలిగింది ఏమిటంటే, ఇళ్ల మధ్య, బడి చుట్టూ ఉన్న కంపను పూత రాకముందే కొట్టాలి. పూత మీద ఉన్నప్పుడు కొడితే కొమ్మ కదిలినప్పుడల్లా పుప్పొడి ముఖం మీదే రాలుతుంది.

జలుబా? అలర్జీయా?

జలుబు అయితే ఒళ్లు వెచ్చబడొచ్చు. గొంతు నొప్పి ఉండొచ్చు. చీమిడి చిక్కబడుతుంది. సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గుతుంది. ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి వస్తుంది.

అలర్జీ అయితే జ్వరం ఉండదు. ముక్కు, కళ్లు దురద పెడతాయి. నీళ్లు కారతాయి. తుమ్ములు వరసగా వస్తాయి. వారాల తరబడి ఉంటుంది. ఏటా అదే కాలంలో వస్తుంది.

రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష కూడా చేయించుకోవాలి. అది క్షయ కావచ్చు. అలర్జీ అనుకుని ఊరుకోకూడదు.

మీ నోటు పుస్తకమే మొదటి పరీక్ష

మీకు ఇప్పుడు రాయటం వచ్చు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. బాధ వచ్చిన రోజు ఒక్క వాక్యం రాయండి. ఎల్లమ్మ ఇలా రాసిందనుకుందాం.

ఫిబ్రవరి 12. పొద్దున తుమ్ములు. కట్ట మీద కంప పూసింది.

ఫిబ్రవరి 15. కంప కొట్టినాను. రాత్రి పిల్లికూతలు.

ఫిబ్రవరి 20. అమ్మగారింట్లో ఉన్నాను. అక్కడ కంప లేదు. బాధ లేదు.

ఫిబ్రవరి 23. బట్టీ పొగ. దగ్గు ఎక్కువ.

ఈ నాలుగు వాక్యాలు డాక్టరుకు ఎంతో ఉపయోగం. ఏ కాలం, ఏ చోటు, ఏ పని అన్నది ఇందులోనే ఉంది.

పెద్ద ఆస్పత్రుల్లో చర్మం మీద పరీక్ష చేస్తారు. రకరకాల పుప్పొడి రసాలను చేతి మీద చుక్కలుగా వేస్తారు. ఒక్కో చుక్కలో సన్నని సూదితో పైపైన గుచ్చుతారు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగుతారు. పడని చుక్క దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది.

మందుల సంగతి

తుమ్ములకు, దురదకు హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలు ఉన్నాయి. సెట్రిజిన్ అలాంటిదే. కొన్ని మాత్రలు మత్తు తెస్తాయి. మత్తుగా ఉంటే గొడ్డలి పట్టకూడదు. బట్టీ దగ్గరికి పోకూడదు. ఏ మాత్ర, ఎన్నాళ్లు అన్నది డాక్టరును అడగాలి.

ఉబ్బసానికి పీల్చే మందులు మంచివి. మందు నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది. కొద్ది మందు సరిపోతుంది. ఇవి రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వెంటనే దారి తెరిచేది. రెండోది లోపలి వాపు తగ్గించేది. రెండోదాన్ని బాధ లేని రోజున కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

"పీల్చే మందు అలవాటు పడితే మానలేం" అంటారు. ఇది నిజం కాదు. అది కల్లు లాంటి వ్యసనం కాదు. "గర్భిణి పీల్చే మందు వాడకూడదు" అంటారు. ఇదీ నిజం కాదు. తల్లికి ఊపిరి ఆడకపోతేనే కడుపులో బిడ్డకు ప్రమాదం. మందు సొంతంగా ఆపకుండా డాక్టరును అడగాలి. "పిల్లకు ఉబ్బసం అని తెలిస్తే పెళ్లి కాదు" అని మందు దాచేవాళ్లు ఉన్నారు. మందు దాచితే జబ్బు దాగదు. ప్రాణం మీదకు వస్తుంది.

సూది వేయగానే హాయిగా ఉంటుంది. ఎందుకు? చాలాసార్లు అది స్టీరాయిడ్ సూది. మాటిమాటికీ వేయించుకుంటే షుగరు, బీపీ రావచ్చు. ఎముకలు బలహీనపడతాయి. అవసరం ఉంటే డాక్టరు ఇస్తారు. ఊరికే వేయించుకోకూడదు.

మృగశిర కార్తె నాడు చేపమందు మింగేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రం రుజువు చేయలేదు. అది మింగామని పీల్చే మందు ఆపటం చాలా ప్రమాదం.

పడని పుప్పొడినే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేసే వైద్యం కూడా ఉంది. కరిచే కుక్కకు చుట్టాన్ని మచ్చిక చేసినట్టు. ఇది మూడు నుంచి అయిదేళ్లు పడుతుంది. తెలిసిన డాక్టరు దగ్గరే చేయించుకోవాలి.

వెంటనే ఆస్పత్రికి ఎప్పుడు?

ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే.

పెదవులు, గోళ్లు నీలంగా మారితే.

ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల మధ్య గుంటలు పడితే.

పీల్చే మందు వాడినా ఆయాసం తగ్గకపోతే.

ఇందులో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోను చేయాలి. మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి.

గుర్తుంచుకోండి

1. పూత కాలంలో కంప కొట్టేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. తలకు తుండు చుట్టుకోవాలి.

2. ఇంటికి రాగానే ముఖం, కళ్లు నీళ్లతో కడుక్కోవాలి. చీర మార్చుకోవాలి. వీలైతే తల మీద నీళ్లు పోసుకోవాలి.

3. పూసిన చెట్టు కింద మంచం వేసుకోకూడదు. బట్టలు, బొంతలు ఆరేయకూడదు.

4. మందు సీసా మీద, డబ్బా మీద తారీఖు చదవాలి. గడువు దాటిన మందు వాడకూడదు.

5. అలర్జీ దిష్టి కాదు. అంటురోగం కాదు. సోమరితనం కాదు. అది శరీరం చేసే పొరబాటు. దాన్ని అదుపులో పెట్టుకోవచ్చు.

కొత్త మాటలు

పుప్పొడి: పువ్వులో ఉండే సన్నని పొడి.

ప్రొటీన్: మాంసకృత్తు. పప్పు, గుడ్డు, పుప్పొడి అన్నిటిలో ఉంటుంది.

అలర్జీ: హాని చేయని పదార్థం శరీరానికి పడకపోవటం.

హిస్టమిన్: తుమ్ములు, దురద తెప్పించే పదార్థం.

పిల్లికూతలు: ఊపిరి గొట్టాలు సన్నబడినప్పుడు వచ్చే చప్పుడు.

చదివి జవాబు చెప్పండి

1. సర్కారు తుమ్మను మన దగ్గర ఎక్కడ, ఏ కాలంలో నాటారు?

2. పుప్పొడి నుంచి ప్రొటీన్లు ఎప్పుడు బయటికి వస్తాయి?

3. జలుబుకూ అలర్జీకీ తేడాలు మూడు చెప్పండి.

4. స్టీరాయిడ్ సూదులు మాటిమాటికీ ఎందుకు వేయించుకోకూడదు?

కలిసి మాట్లాడండి

మీ ఊళ్లో ఏ చెట్లు ఎక్కువ ఉన్నాయి? అవి ఏ నెలలో పూస్తాయి? ఆ నెలలో ఎవరెవరికి తుమ్ములు, ఆయాసం వస్తున్నాయి? ఒక కాగితం మీద పన్నెండు నెలల పేర్లు రాయండి. ప్రతి నెల ఎదురుగా పూసే చెట్ల పేర్లు రాయండి. ఆ కాగితాన్ని నర్సమ్మకు చూపించండి.